మళ్ళీ ఇరవైకి

వైరోక్వా,
ఆగస్టు 9, శుక్రవారం.

ప్రియమైన ఎల్డన్ బావకి,

బావమరిది ఆర్లిన్ నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, నా మోకాళ్ళూ, నా కొట్టూ ఉన్నంతలో క్షేమం. అక్కడ నువ్వూ, సోల్వెగ్ అక్కా, మనవరాలు మారిట్ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ ఏడు వానలు సమయానికి పడ్డాయి. మొక్కజొన్న నా తలని దాటింది. గుట్ట కింద సోయా చేలో సాయంత్రం అయ్యేసరికి దుప్పులు దిగుతున్నాయి, కొమ్ముల మీద ఇంకా నూగు ఊడలేదు.

మీ వెస్ట్‌బీకీ మా ఊరికీ ఎనిమిది మైళ్ళు. ఇద్దరికీ ఫోన్లున్నాయి, బళ్ళున్నాయి. అయినా నువ్వు కార్డు రాశావు. ఎందుకో నాకు తెలుసు. నోటితో అన్న మాట గుర్తుండదని నీ భయం, కాగితం మీద పెట్టింది ఎక్కడికీ పోదని నీ ధైర్యం. అందుకే నేనూ రాతలోనే జవాబిస్తున్నాను. పదకొండేళ్ళుగా క్రిస్మస్‌కి ఒకసారీ, చర్చిలో చేపల విందుకి ఒకసారీ కలుస్తున్నాం. వాన, మంచు, పాల ధర తప్ప ఇంకో మాట లేదు. అలాంటిది నీ చేత్తో ఏడు వాక్యాలు చూసేసరికి కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివాను.

"మారిట్‌కి పన్నెండు నిండాయి. సెప్టెంబరులో విల్లుతో వేటకొస్తానని ప్రాణం తీస్తోంది. సైటు ఒక పిన్నుదా, ఐదు పిన్నులదా? నా మాట ఐదుదే. తిప్పే చక్రం ఉన్నది మా ఇంట్లోకి వద్దు. మంచె మీద దాని పక్కన నువ్వు కూర్చో. నేను కూర్చోను, ఎందుకో నీకు తెలుసు." ఇదీ నీ కార్డు.

ముందు సైటు సంగతి. నీకు సైటు గురించి చెప్పడం తాతకి దగ్గులు నేర్పడమే. కాని ఈ ఉత్తరం పిల్లకి కూడా చదివి వినిపిస్తావు కనక మొదటినుంచీ రాస్తాను.

అమ్మా మారిట్, సైటంటే విల్లుకి బిగించే గుండ్రటి చట్రం. దాని లోపల సన్నటి పిన్ను, పిన్ను కొసన వెలిగే చుక్క. తీగ లాగి, చుక్కని జింక మీద ఆనించి వదలడం, అంతే. చిక్కు ఎక్కడంటే బాణం తిన్నగా పోదు, దూరం పోయేకొద్దీ కిందికి జారుతుంది. ఇరవై గజాల్లో ఉన్న జింకకీ నలభై గజాల్లో ఉన్న జింకకీ ఒకే గురి పనికిరాదు. దీనికి లోకంలో రెండు ఉపాయాలున్నాయి. ఒకటి, చట్రంలో ఒకదాని కింద ఒకటిగా ఐదు పిన్నులు పెట్టడం. పైది ఇరవైకి, దాని కిందది ముప్పైకి, అలా అరవై దాకా. జింక కదిలితే పిన్ను మార్చుకోవాలి, దేన్నీ తిప్పే పని లేదు. రెండోది, పిన్ను ఒకటే పెట్టి పక్కన చక్రం పెట్టడం. చక్రం మీద ఇరవై, ముప్పై, నలభై అని గీతలుంటాయి. జింక ఎంత దూరంలో ఉందో చూసుకుని చక్రం ఆ గీతకి తిప్పితే పిన్ను తనే కిందికో పైకో జరుగుతుంది. చట్రంలో అడ్డం ఉండదు, జింక నిండుగా కనపడుతుంది. కాని ఒకసారి నలభైకి తిప్పినవాడు మళ్ళీ ఇరవైకి తిప్పకపోతే, మర్నాడు ఇరవై గజాల్లో నిలబడ్డ దుప్పికి బాణం జానెడు పైన తగులుతుంది.

బావా, ఈ జిల్లాలో ఒక పిన్ను సైటు మొదట తెచ్చింది నువ్వే. ఆ రోజు గుట్ట మీద మన వేట గుడిసెలో పొయ్యి చుట్టూ కూర్చుని నేను చేసిన గోల నాకు బాగా గుర్తుంది. దానికి ఒంటికన్ను సైటని పేరు పెట్టాను. "బావా, దుప్పి ముందు నిలబడి చక్రం తిప్పుకుంటావా? కాస్త ఆగమని దానికి కుర్చీ వేస్తావా?" అన్నాను. నువ్వు కాఫీ ఊదుకుంటూ, "ఒరేయ్, నీ చట్రంలోంచి చూస్తే దుప్పి కనపడదురా, దువ్వెన కనపడుతుంది," అన్నావు. మనతో వేటకొచ్చే హార్లన్ కుచేరా నవ్వి నవ్వి బెంచీ మీంచి జారాడు. ఆ మాట నాకు చాలా ఏళ్ళు గుచ్చుకుంది. విల్లులు బాగుచేసే కొట్టు నాది, నవ్వులపాలయింది నేను. అందుకే కొట్టుకొచ్చిన ప్రతివాడికీ ఐదు పిన్నులే అంటగట్టాను. నీ సైటుని ఒక్కరోజు పట్టి చూడకుండానే పనికిరాదని తీర్పు చెప్పాను.

ఆ గుడిసెకి రెండే రెండు నియమాలు, రెండూ మనందరిలో పెద్ద, ముసలి క్లెమెంట్ పెట్టినవి. ఒకటి, ఒకడి విల్లు ఇంకొకడు ముట్టుకోకూడదు. రెండు, తీగ వదిలాక మాంసం ఇంటికి రాకపోతే ఆ మనిషి చొక్కా వెనక అంచు గొర్రెబొచ్చు కత్తెరతో కత్తిరించి, పేరూ తేదీ రాసి గోడకి మేకు కొట్టాలి. దాన్ని తోక అనేవాళ్ళం. నావి ఆరు తోకలున్నాయి గోడ మీద. హార్లన్‌వి లెక్కే లేదు, వాడు చొక్కాలు అరువు తెచ్చుకుని మరీ వేటకొచ్చేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళు నీ తోక ఒక్కటీ లేదు. పిల్లలకి వేట పాఠాలు చెప్పే మేష్టారివి, నీకు తోకేమిటి?

పదకొండేళ్ళ కిందటి ఆ నవంబరు శనివారం గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నీ కార్డులో "ఎందుకో నీకు తెలుసు" అన్నావు కనక రాస్తున్నాను. తెల్లవారగానే పది కొనల కొమ్ముల దుప్పి నీ మంచె కిందికి పద్ధెనిమిది గజాలకి వచ్చింది. నువ్వు గుండె మీద ఆనించి వదిలావు. బాణం గుండెకి బాగా పైన, వెన్నుకి కాస్త కింద తగిలింది. దుప్పి పడలేదు, పోయింది. నువ్వు చక్రం చూసుకున్నావు, నలభై మీద ఉంది. నేను పది గంటలకి గుట్ట అవతలి మంచె దిగి వచ్చేసరికి నువ్వు గుడిసె మెట్టు మీద విల్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావు. "నలభై మీద ఉందిరా," అన్నావు. "నిన్న చివరి బాణం వేశాక ఇరవైకి తిప్పాను. వేలితో నొక్కి చూశాను కూడా. బైబిలు మీద ఒట్టేస్తాను. కాని నలభై మీద ఉంది."

హార్లన్ వేళాకోళానికే అన్నాడు. "ఏం ఎల్డన్, మీ అమ్మకి కూడా ఇలాగే మొదలైందా?" అన్నాడు. వాడు నోరు జారి నాలిక కరుచుకున్నాడు గాని మాట వెళ్ళిపోయింది. మీ అమ్మగారు అరవై ఏళ్ళకే మనుషుల్ని మరిచిపోవడం, ఎప్పుడో అమ్మేసిన ఆవుల్ని పాలు పితకడానికి తెల్లవారకముందే లేచి కొట్టంలోకి వెళ్ళడం మేమంతా చూసినవాళ్ళమే. నీకప్పుడు యాభై తొమ్మిది. నీ మొహంలో రక్తం దిగిపోవడం నేను చూశాను.

రెండు రోజులు వెతికాం. ఆకుల మీద రక్తపు చుక్క కోసం నువ్వూ నేనూ మోకాళ్ళ మీద పాకాం. దొరకలేదు. మూడు వారాలకి తుపాకుల వేటలో పక్క చేనాయన దాన్ని కొట్టాడు. చిక్కిపోయి, వీపున చీము పట్టి ఉందట. నీ బాణం మొన కాఫీ డబ్బాలో వేసి తెచ్చి నీ చేతికిచ్చాడు. అంతకుముందే, వెతికిన ఆ ఆదివారం నాడే క్లెమెంట్ చేతిలో కత్తెర లాక్కుని నీ తోక నువ్వే కత్తిరించుకున్నావు. అక్క కుట్టిన ఆకుపచ్చ గళ్ళ చొక్కా. అందరూ పేరూ తేదీ రాస్తే నువ్వు కింద ఇంకో ముక్క రాశావు: "చక్రం మరిచిపోయాడు."

ఆ తరవాత ఒక్కొక్కటే వదిలేశావు. ముందు విల్లు అమ్మావు, తరవాత పాఠాలు మానేశావు. "మరిచిపోయేవాడు పిల్లలకి ఏం నేర్పుతాడు?" అన్నావు. వసంతానికి నువ్వు నడిపే బడి బస్సు తాళాలు కూడా అప్పగించావు. డాక్టర్లు ముగ్గురు నీ బుర్ర నిక్షేపంలా ఉందన్నారు, నువ్వు నమ్మలేదు. అక్క ఫోనులో చెబుతుంది: పొయ్యి మీద "ఆపావా?" అని చీటీ, తలుపు మీద "తాళం?" అని చీటీ, అద్దం మీద మాత్రల చీటీ. "ఒరేయ్, నేను కాపురం చేస్తోంది మనిషితో కాదురా, చీటీలతో," అంటుంది. నవ్వుతూనే అంటుంది.

ఇక్కడ ఆపుతున్నాను. రేపు ఇంకొంచెం రాస్తాను.

ఆగస్టు 10, శనివారం.

బావా, అక్క మీద కోప్పడకు. ఈ పొద్దున మారిట్‌ని వెంటబెట్టుకుని నా కొట్టుకొచ్చింది. నీకు చెప్పకుండా వచ్చానంది. "ఆయన ఐదు అంటాడు, నువ్వు ఒకటి అంటావు, మీ ఇద్దరి మధ్యా పిల్ల ముసలిదైపోయేలా ఉంది. దానికే ఇచ్చి చూడు," అంది. నేను ఒకటి అన్నానని నీకెవరు చెప్పారంటే, "నీ సంగతి నాకు తెలీదూ? నువ్వు పైకి ఐదు అంటావు, కళ్ళు మాత్రం ఎప్పుడూ ఆయన సైటు మీదే ఉండేవి," అంది. అక్క అక్కే.

కొట్టు వెనక గడ్డిమోపులు పేర్చి, ఇరవై గజాల్లో కాగితం పళ్ళెం గుచ్చాను. ముందు పిన్నుల సైటు బిగించాను. ఐదు కాదు, మూడే. మారిట్ లాగేది ముప్పై ఐదు పౌన్ల తేలిక విల్లు. బాణం మెల్లిగా పోతుంది, త్వరగా జారుతుంది. అలాంటి విల్లుకి పిన్నులు దూరదూరంగా దిగుతాయి, నాలుగోదీ ఐదోదీ చట్రంలో పట్టవు. నువ్వు ఐదు అని రాసేటప్పుడు ఈ సంగతి నీకు తట్టలేదంటే నమ్మను. భయంలో రాశావు, అందుకని.

మూడు బాణాలు వేసింది. రెండు పళ్ళెంలో, ఒకటి పళ్ళేనికి బాగా పైన. "ఏ పిన్ను పెట్టావే?" అన్నాను. "పచ్చది." "ఇరవైది ఎర్రది కదా?" "తెలుసు తాతయ్యా. లాగేదాకా తెలుసు. లాగాక రెండూ ఒకేలా కనపడ్డాయి." గడ్డిమోపు ముందే ఇలా ఉంటే, నిజం దుప్పి ముందు గుండె చెవుల్లో కొట్టుకునేటప్పుడు ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. యాభై ఏళ్ళు దాటిన మగాళ్ళు నా కొట్టుకొచ్చి, "పిన్ను తప్పు పెట్టానోయ్," అని తల దించుకుని చెబుతుంటారు. ఇంకొందరు ఆడలేక మద్దెల ఓడన్నట్టు సైటే వంకర అంటారు.

తరవాత ఒక పిన్నుది బిగించాను. చక్రం ఇరవైకి పెట్టి ఇచ్చాను. ఐదు బాణాలు వేసింది, ఐదూ కాఫీ సాసరు పట్టేంత చోట పడ్డాయి. అక్క చప్పట్లు కొట్టింది. పిల్ల మాత్రం నవ్వలేదు. నువ్వు బాగా వేసినప్పుడు ఎలా మూతి బిగించేవాడివో అచ్చం అలాగే బిగించింది.

ఇంతలో హార్లన్ వచ్చాడు, వాడి విల్లు తీగ మార్పించుకోవడానికి. అక్కా పిల్లా గడ్డిమోపుల్లోంచి బాణాలు పీకుతుంటే, వాడు జున్నుముక్కల పొట్లం విప్పుకుని గుమ్మంలో కూర్చున్నాడు. హార్లన్ చక్రం ఎలా తిరుగుతుందో చూపించమంటే పిల్ల విల్లు తీసి ముప్పైకి తిప్పి చూపించాను. లోపల ఫోను మోగింది. విల్లు కొక్కేనికి తగిలించి పరిగెత్తాను. నేను తిరిగొచ్చేసరికి మారిట్ అప్పుడే బాణం వదిలింది. పళ్ళెం పైనుంచి పోయి వెనక చెక్కగోడలో దిగబడింది.

పిల్ల తన చేతివంక చూసుకోలేదు బావా. సూటిగా చక్రం వంక చూసింది. వెంటనే వెనక్కి తిరిగి, "నా విల్లు ఎవరు ముట్టుకున్నారు?" అంది. అక్క, "నువ్వే తిప్పి మరిచిపోయావేమోనే," అంది. "నేను తిప్పలేదు. తిప్పితే నాకు తెలీదా?" అంది. హార్లన్ జున్ను నములుతూ వేలు నా వైపు చూపించాడు. నేను చేతులెత్తి, "నేనేనమ్మా, పొరపాటైంది," అన్నాను. "చెప్పాలి కదా తాతయ్యా!" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

వెళ్ళేముందు విల్లు నా చేతికిచ్చి, "ఈ సైటు బాగుంది. కాని మా తాత పక్కన కూర్చోకపోతే నాకు ఇదీ వద్దు, అదీ వద్దు," అంది. నేను బాగా కూర్చుంటానే అన్నాను. "నువ్వు మాట్లాడుతూ ఉంటావు, జింకలు పారిపోతాయి," అంది. చట్టప్రకారం పన్నెండేళ్ళ పిల్ల పక్కన పెద్దవాళ్ళు ఎవరో ఒకరు ఉండాలి. వాళ్ళమ్మ కారిన్‌కి ఆసుపత్రి డ్యూటీలు, పైగా విల్లు ఏ వైపు పట్టుకోవాలో తెలీదు. మిగిలింది నువ్వూ నేనే.

కాబట్టి నా మాట ఇది. ఒక పిన్నుదే కొను. చక్రం ఇరవై మీద పెట్టి వదిలెయ్యండి. ఆ విల్లుతో ఈ రెండేళ్ళూ ఇరవై గజాలు దాటి వెయ్యనే కూడదు. జింక దగ్గరికి రాకపోతే కొమ్మల్లో ఉడతల్ని లెక్కపెట్టుకుని ఇంటికి రండి. ఇరవై ఏళ్ళు ఐదు పిన్నులు అమ్మినవాడిని, ఈ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. నువ్వు అప్పుడు చెప్పిందే నిజం, నా చట్రంలో దువ్వెనే కనపడేది. సైటు ఈ ఉత్తరంతోపాటు పార్సెల్ చేస్తున్నాను. దాని పుట్టినరోజుకి నా కానుకగా పిల్లకివ్వు.

మంచె సంగతి. సరే, నువ్వు కూర్చోనంటే నేనే కూర్చుంటాను. నోరు మూసుకుని కూర్చోవడం ఇప్పటినుంచే సాధన చేస్తాను.

అక్కకి నా ముద్దులు. దాని చేతి రూబార్బ్ పై, ఆ పులుపూ తీపీ కలిసిన రొట్టె, తిని ఎన్నాళ్ళయిందో గుర్తు చెయ్యి.

ఇట్లు,
నీ మేలు కోరే బావమరిది,
ఆర్లిన్ స్కౌగెన్

తా.క.

ఆదివారం, మధ్యాహ్నం.

ఉత్తరం మడిచి కవరులో పెట్టి అంటించాను. మళ్ళీ చింపాను. పైన మంచె గురించి రాసిన రెండు వాక్యాలూ కొట్టేసుకో. నేను కూర్చోను. ఆ పిల్ల పక్కన కూర్చునే అర్హత నాకు లేదు.

అక్క నా గురించి ఏమంటుందో తెలుసు కదా, వాడి నోట్లో నువ్వుగింజ నానదు అంటుంది. ఒక్క గింజని మాత్రం పదకొండేళ్ళు నానబెట్టాను.

ఆ శుక్రవారం సాయంత్రం నాలుగింటికి నువ్వు చివరి బాణం వేసి, విల్లు గుడిసెలో తగిలించి, అక్క చేసిన పైలు తేవడానికి ఇంటికి వెళ్ళావు. క్లెమెంట్, హార్లన్ వాగు దగ్గర కట్టెలు కొడుతున్నారు. గుడిసెలో నేనొక్కడినే ఉన్నాను. నీ విల్లు కొక్కేనికి ఉంది. నీ చేతులూ నా చేతులూ ఒకే పొడుగు, మీ పెళ్ళిలో నీ రెండో కోటు నాకు సరిపోయింది కదా. అంత వాగినవాడిని, ఒక్కసారి వేసి చూసి తప్పు పట్టాలనిపించింది. తీసుకుని బయటికి వెళ్ళాను. చక్రం నలభైకి తిప్పి మూడు బాణాలు వేశాను. మూడూ ఒకదాన్నొకటి రాసుకుంటూ పడ్డాయి. నా జన్మలో నలభై గజాల్లో అలా వెయ్యలేదు. నాకు సంతోషం కలగలేదు బావా, ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ నువ్వే రైటని ఇప్పుడు ఏ మొహంతో చెప్పాలా అని నిలబడ్డాను. అప్పుడే నీ ట్రక్కు గుట్ట ఎక్కుతున్న చప్పుడయింది. బాణాలు పీకి, తుడిచి, విల్లు కొక్కేనికి తగిలించాను. చక్రం తిప్పాలని నాకు తోచనే లేదు. అది తిప్పే అలవాటు నీది, నాది కాదు. ఐదు పిన్నులవాడికి వెనక్కి తిప్పడమంటే ఏం తెలుసు?

పొద్దున మెట్టు మీద "నలభై మీద ఉందిరా" అని నువ్వు అన్న క్షణంలోనే నాకు అర్థమైంది. నోరు తెరిచాను. అప్పుడే హార్లన్ మీ అమ్మ మాట ఎత్తాడు. ఆ మాట తరవాత చెబితే మనిషిని చంపి సారీ చెప్పినట్టుంటుందనిపించింది. మధ్యాహ్నం చెబుదామనుకున్నాను. రక్తం వెతికాక చెబుదామనుకున్నాను. నువ్వు తోక కత్తిరించుకున్నాక ఇంక చెప్పలేకపోయాను. ఆ తరవాత గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ నీకు దూరంగా తిరిగాను. వానా, మంచూ, పాల ధరా మాట్లాడింది అందుకే. పిరికివాణ్ణి. నిన్ను చూసి సిగ్గుపడ్డాను, ఇప్పుడూ పడుతున్నాను.

నిన్న మారిట్ అడిగిన ప్రశ్న నువ్వు ఆ రోజు అడగలేదు. అడగవు కూడా. ఒకడి విల్లు ఇంకొకడు ముట్టడని మన గుడిసె నియమం, నువ్వు దాన్ని నమ్మావు. మమ్మల్ని అనుమానించడానికి బదులు నీ బుర్రనే అనుమానించుకున్నావు. నువ్వు రాసిన కార్డులో నన్ను నిలదీసిన మాట ఏదో తెలుసా? పిల్లని నాకు అప్పగించడం. నిన్ను నువ్వు నమ్మక నన్ను నమ్మావు. ఆ మాట మీద సెప్టెంబరులో మంచె ఎక్కి కూర్చుంటే నేను మనిషిని కాను.

ఈ పొద్దున చర్చి అవగానే కటింగ్ ప్లేయరు పట్టుకుని గుడిసెకి వెళ్ళాను. పార్సెల్లో సైటు కింద ఆకుపచ్చ గళ్ళ గుడ్డముక్క ఉంటుంది. మేకు తుప్పు మరక ఒకటి పడింది, ఉతికితే పోతుందేమో అక్క చూడాలి. ఆ చొక్కా ఇంకా బీరువాలో ఉందని అక్క చెప్పింది. మళ్ళీ అతికించి కుట్టమను, సెప్టెంబరుకి అదే తొడుక్కో. నీ మేకు ఖాళీగా లేదు. నా ఎర్ర గళ్ళ చొక్కా అంచు కత్తిరించి అక్కడే కొట్టాను. దాని మీద పేరు, ఆ శుక్రవారం తేదీ, కింద ఇలా రాశాను: "బావ విల్లు ముట్టుకున్నాడు. చెప్పలేదు." హార్లన్‌కి ఫోను చేసి చెప్పాను. వాడు, "నువ్వు వాళ్ళింటికి వెళ్ళేటప్పుడు నేనూ వస్తాను, ఆ అమ్మ మాట అన్నది నేను," అన్నాడు.

నీకు కోపం వస్తుంది, రానీ. మాట్లాడనంటే మాట్లాడకు, అక్క గడప తొక్కనివ్వకపోతే వాకిట్లోనే నిలబడతాను. నువ్వు వదిలేసిన బస్సూ, పాఠాలూ, ఆ పదకొండు నవంబర్లూ నేను తిరిగి ఇవ్వలేను. ఇవ్వగలిగింది ఇదొక్క మాటే, ఇది నాకు తప్ప ఎవరికీ తెలీదు. ఈ భాగం కూడా పిల్లకి చదివి వినిపించు. వినిపించాక పొయ్యి మీద చీటీ, తలుపు మీద చీటీ దాని చేతే పీకించు. నేను నీ విల్లు కొక్కెం మీంచి తీసేటప్పటికి చక్రం ఇరవై మీదే ఉంది బావా.